ఎంచుకునే హక్కు, మోసే బాధ్యత

యువతీయువకుల లైంగిక వైఖరులు, అనుబంధాల విలువలు మారుతున్నాయన్న మాట వచ్చినప్పుడల్లా ఆ మార్పుకు రెండు పేర్లు పెడుతుంటారు: కట్టుబాట్లు సడలిపోయాయని బాధపడేవారు దానిని పతనమంటారు, పాత సంకెళ్లు తెగాయని సంతోషించేవారు దానిని విముక్తి అంటారు. సంగారెడ్డి జిల్లాలో కంది నుంచి పటాన్‌చెరు వరకు జాతీయ రహదారి వెంట పరుచుకున్న పారిశ్రామిక ప్రాంతాన్ని నిదానంగా పరిశీలిస్తే ఈ రెండు పేర్లూ సగం సత్యాలేనని తేలుతుంది. కోరిక ఏ కాలంలోనైనా ఉన్నదే. ఎవరిని ప్రేమించాలి, ఎవరిని ఎప్పుడు పెళ్లాడాలి, తన శరీరం విషయంలో చివరి మాట ఎవరిది అన్న ప్రశ్నలకు జవాబు చెప్పే అధికారం మాత్రం ఇంటిపెద్దల నుంచి, కులం నుంచి మెల్లగా ఆ యువతీయువకుల చేతికి వస్తోంది. అయితే ఆ అధికారాన్ని మోయడానికి కావలసిన తెలివిడి, మాట్లాడుకునే అలవాటు, చట్టం అండ, పెద్దల తోడు అదే వేగంతో రావడం లేదు. ఈ రెంటి మధ్య ఉన్న ఎడమే ఈ కాలపు అసలు సమస్య.

కంది ప్రాంతం ఈ పరిశీలనకు తగిన చోటు. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ వెలసింది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లో మందుల, రసాయనాల పరిశ్రమలు ఒక్కొక్కటిగా వచ్చి, జొన్న చేలు, చెరువులు ఉన్న పల్లెలను జీతపు ఊళ్లుగా మార్చాయి. 2008లో ఎద్దుమైలారంలో తాత్కాలికంగా మొదలైన హైదరాబాద్ ఐఐటీ 2015లో కందిలోని సొంత ప్రాంగణానికి చేరింది. మరుసటి సంవత్సరం జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కంది మండల కేంద్రమైంది. దేశం నలుమూలల నుంచి వచ్చిన విద్యార్థులు, ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి షిఫ్టు పనులకు వచ్చిన కార్మికులు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సుల్లో, కంపెనీ వ్యాన్లలో పనికి వెళ్లే తెలంగాణ యువతులు, భూమి ధరలు పెరగడంతో ఒక్క తరంలోనే జీవన స్థాయి మారిపోయిన స్థానిక కుటుంబాల పిల్లలు, అందరూ ఒకే రహదారి పక్కన యవ్వనం గడుపుతున్నారు. వీరందరినీ కలిపి ఒకే మాటలో ‘నేటి యువత’ అనడం సులభమే గాని, వీరికి అందుబాటులో ఉన్న స్వేచ్ఛ ఒకటి కాదు.

విలువలు ఉపన్యాసాల వల్ల మారేది కొంత, బతుకు ఏర్పాట్లు మారడం వల్ల మారేది చాలా ఎక్కువ. పాత పల్లె ఇంట్లో, ముఖ్యంగా చిన్న ఇళ్లలో, ఒక వ్యక్తికి తనదంటూ ఒక గది ఉండేది కాదు. కొత్తగా పెళ్లైన జంటకు సైతం ఏకాంతం అరుదైన వస్తువే. ఇరవై రెండేళ్ల యువతి సొంత జీతంతో ఇస్నాపూర్‌లోనో ముత్తంగిలోనో స్నేహితురాళ్లతో కలిసి గది అద్దెకు తీసుకున్ననాడు, ఆమె ఎవరితో మాట్లాడుతోందో, ఎన్ని గంటలకు ఇంటికి వస్తోందో ప్రతి నిమిషం చూసే కళ్లు మొదటిసారి ఆమెకు దూరమవుతాయి. దీనికి చేతిలోని ఫోను తోడైంది. 2016 తర్వాత డేటా చౌకైన దగ్గర నుంచి, ఒకప్పుడు స్నేహితురాలి ద్వారా పంపే చీటీ చేసిన పనిని వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లు నాలుగు గోడల మధ్య నుంచే చేస్తున్నాయి. జీతం, గది, ఫోను అనే ఈ మూడూ కలిసి ఏ సంస్కర్తా చేయలేనంత నిశ్శబ్దంగా కుటుంబపు నిఘాను పలచబరిచాయి. సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో గోప్యతను, అంటే వ్యక్తి తన ఆంతరంగిక జీవితాన్ని ఇతరుల జోక్యం లేకుండా గడుపుకునే హక్కును, ప్రాథమిక హక్కుగా గుర్తించింది. రాజ్యాంగం భాషలో చెప్పిన ఆ హక్కు రోజువారీ బతుకులో పరీక్షకు నిలబడేది ఇటువంటి అద్దె గదుల్లోనే.

ఆ పరీక్షలో అందరికీ ఒకే మార్కులు పడవు. అద్దెకు గది అడిగిన యువకుడి విషయంలో యజమాని అద్దె గురించి, అడ్వాన్సు గురించి పట్టించుకుంటే, యువతి విషయంలో వేళకు రావడం, మగవాళ్లు రాకపోవడం షరతులవుతాయి. కులం, మతం గురించిన ప్రశ్న ఇద్దరికీ తప్పదు. యువకుడి ప్రేమ వ్యవహారం బయటపడితే ‘వయసు’ అని సరిపెట్టుకునే కుటుంబమే, యువతి విషయంలో చదువు మాన్పించడానికి, ఉద్యోగం మాన్పించడానికి, హడావుడిగా సంబంధం చూడడానికి సిద్ధపడుతుంది. అందువల్ల యువతులు తమ స్వేచ్ఛను ఎక్కువగా మౌనంతో కాపాడుకుంటున్నారు, ఇంటికి ఒక జీవితం చూపి మరో జీవితం గడపడం నేర్చుకుంటున్నారు. ఈ రెండు జీవితాలను పెద్దలు మోసమంటారు. కానీ నిజం చెబితే శిక్ష ఖాయమైన చోట నిజాయితీని ఆశించే నైతిక అర్హత ఎవరికీ ఉండదు. పిల్లలు దాచేది ఎంత అన్నది, వారికి ఆ ఇంట్లో ఎంత భయం ఉందన్న దానికి కొలమానం.

ఇప్పుడు చెడిపోయిందని కొందరు వగచే ‘మన సంప్రదాయం’ కూడా ఒకే ముద్దగా ఎన్నడూ లేదు. సంగారెడ్డికి చేరువలోని కొండాపూర్‌లో 1940లలో జరిగిన తవ్వకాల్లో శాతవాహనుల నాటి నాణేలు, మట్టిబొమ్మలు, ఇళ్ల పునాదులు బయటపడ్డాయి. ఆ వంశానికి చెందిన హాలుని పేరుతో నిలిచిన గాథాసప్తశతి అనే ప్రాకృత సంకలనం పల్లె స్త్రీపురుషుల కోరికలను, అలకలను, రహస్య సమాగమాలను సిగ్గుపడకుండా పాడింది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి ప్రచురిస్తే, అందులోని శృంగారం అశ్లీలమని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. స్త్రీ తన కోరికను తానే చెప్పుకోవడం నేరంగా కనిపించిన కాలం ఆ కావ్యం పుట్టిన కాలం కాదు, దాని మీద తీర్పు చెప్పిన కాలం. తెలంగాణ పల్లెల్లో శ్రమ చేసుకు బతికే అనేక కులాల్లో భర్త పోయిన స్త్రీకి, భర్తను విడిచిన స్త్రీకి మారుమనువు ఆచారంగా ఉండేది, పెళ్లికొడుకు వైపు వారే పెళ్లికూతురి వైపు వారికి ఓలి అనే సొమ్ము ఇచ్చేవారు, పొసగని కాపురాలను కులపెద్దల ముందు విడగొట్టేవారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించడానికి ఎంతో పోరాడవలసి వచ్చింది అగ్రవర్ణాల ఆచారంతో. ఆ ఆచారమే తర్వాత చదువుతో, ఆస్తితో పాటు కిందికి పాకి అందరి మర్యాదగా మారింది.

అంతమాత్రాన పాత కాలాన్ని స్వర్గంగా చిత్రించడం కూడా న్యాయం కాదు. దళిత బాలికలను దేవత పేరుతో అంకితం చేసి ఊరి పెద్దల భోగానికి వదిలేసిన జోగిని దురాచారం ఈ నేల మీదనే సాగింది, దానిని నిషేధించే చట్టం 1988లో గాని రాలేదు. అంటే శీలం గురించి గొంతెత్తిన సమాజమే కొందరు స్త్రీలకు శీలం ఉండే హక్కును నిరాకరించింది. 1927లో ‘మైదానం’ రాసిన చలం మీద అప్పటి పెద్దమనుషులు కత్తిగట్టింది ఆయన శృంగారం రాసినందుకు మాత్రమే కాదు. స్త్రీకి శరీరం ఉంది, దానికి వ్యాయామం ఇవ్వాలి, మెదడు ఉంది, దానికి జ్ఞానం ఇవ్వాలి అన్న దిశగా ఆలోచించి, శీలమనే మాటను యజమానుల చేతి నుంచి లాగినందుకు. ఈ చరిత్ర తెలిసిన వారికి నేటి మార్పు పడమటి గాలి తెచ్చిన జబ్బుగా కనిపించదు. ఇక్కడే మొదలై, ఇక్కడే అణగి, మళ్లీ తలెత్తిన పాత వాదంగా కనిపిస్తుంది.

పెళ్లి విషయంలో మార్పు ఊహించినంత వేగంగా లేదు. దేశవ్యాప్తంగా 2011-12లో జరిగిన భారత మానవాభివృద్ధి సర్వే ప్రకారం కులాంతర వివాహాలు సుమారు 5 శాతమే. కంది చుట్టుపక్కల కుటుంబాల్లో మేనరికం పట్టుదల తగ్గింది, పెళ్లిచూపుల తర్వాత అమ్మాయి, అబ్బాయి నెలల తరబడి ఫోనులో మాట్లాడుకోవడాన్ని పెద్దలు ఒప్పుకుంటున్నారు, ఒకే కులంలో ప్రేమించుకున్న జంటకు జాతకాలు కలిపి తామే చేసినట్టు పెళ్లి జరిపిస్తున్నారు. ప్రేమకు, పెద్దల పెళ్లికి మధ్య పుట్టిన ఈ రాజీ ఒక మేరకు ముందడుగే. కాని దాని లోపల ఒక గట్టి గీత ఉంది, ఆ గీత పేరు కులం. భూమి ధరలు పెరిగిన గ్రామాల్లో కట్నం కూడా ప్లాటు రూపంలో, కారు రూపంలో పెరిగింది. ఒకప్పుడు ఓలి ఇచ్చిన కులాలే నేడు కట్నం కోసం అప్పు చేస్తున్నాయి. తమ మనసుకు నచ్చిన వ్యక్తిని ఎంచుకున్నామని చెప్పే చదువుకున్న యువకులు కట్నం దగ్గర మాత్రం అమ్మానాన్నల ఇష్టమని తప్పుకోవడం ఈ తరపు విలువల్లో అతి బలహీనమైన చోటు. ఎంపిక తమదైనప్పుడు దాని ధర్మాధర్మాలు కూడా తమవే.

గీత దాటినవారికి జరిగింది మరవగూడనిది. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, గర్భవతి అయిన భార్యను ఆసుపత్రిలో చూపించి బయటకు వస్తున్న దళిత యువకుణ్ణి కిరాయి హంతకుడు ఆమె కళ్ల ముందే నరికి చంపాడు. చంపించింది ఆమె తండ్రి అని పోలీసులు తేల్చారు, 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, మరికొందరికి యావజ్జీవ శిక్ష విధించింది. 2020 సెప్టెంబరులో గచ్చిబౌలిలో భార్యతో కాపురముంటున్న మరో యువకుణ్ణి ఆమె బంధువులు అపహరించి చంపగా అతని మృతదేహం సంగారెడ్డి జిల్లాలోనే దొరికింది. వీటిని పరువు హత్యలంటున్నారు. కూతురి ఇష్టం తండ్రి ఆస్తి అన్న నమ్మకం చివరి అంచుకు చేరితే ఏమవుతుందో ఈ రెండు మరణాలు చూపించాయి. ప్రేమించిన పిల్లలను కొట్టి ఇంట్లో బంధించే కుటుంబం, చంపించే కుటుంబం ఒకటి కాకపోవచ్చు, కాని రెండూ నిలబడింది ఒకే నమ్మకం మీద.

చట్టం ఈ విషయంలో సమాజం కంటే ముందుంది. మేజర్లైన స్త్రీపురుషులు తమకు నచ్చినవారిని పెళ్లాడవచ్చని, వారిని వేధించేవారిపై పోలీసులు చర్య తీసుకోవాలని సుప్రీంకోర్టు 2006లో లతాసింగ్ కేసులో చెప్పింది. 2018 మార్చిలో శక్తివాహిని కేసులో కులపంచాయతీల జోక్యం చట్టవిరుద్ధమని ప్రకటించి, జంటలకు భద్రత కల్పించాలని ఆదేశించింది, రక్షణ గృహాల ఏర్పాటును పరిశీలించాలని సూచించింది. సహజీవనం, అంటే పెళ్లి లేకుండా ఇద్దరు కలిసి కాపురముండడం, నేరం కాదు. పైగా 2005 నాటి గృహహింస చట్టం వివాహం వంటి సంబంధంలో ఉన్న స్త్రీకి కూడా రక్షణ ఇస్తుంది. అయితే ప్రతి సహజీవనమూ ఆ పరిధిలోకి రాదు: ఎంతకాలం కలిసి ఉన్నారు, ఒకే ఇంట్లో ఉన్నారా, ఖర్చులు కలిసి పెట్టుకున్నారా, లోకం ముందు జంటగా నిలిచారా వంటి అంశాలను చూడాలని 2013లో ఇంద్రాశర్మ కేసులో కోర్టు వివరించింది. మరోవైపు, మతాంతర జంటలకు ఆధారమైన 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం పెళ్లికి 30 రోజుల ముందు నోటీసును అధికారి కార్యాలయంలో అందరికీ కనిపించేలా పెట్టాలి. ఆ నెల రోజులే ఎదురు తిరిగిన కుటుంబానికి జాడ చెప్పే గడువుగా మారుతున్నాయి. గోప్యతను హక్కుగా గుర్తించిన దేశంలో ఈ నోటీసు ఇంకా కొనసాగడం సరికాదు.

పద్దెనిమిదేళ్లు నిండని వారి విషయం మరింత సున్నితమైనది. 2012 నాటి పోక్సో చట్టం కింద పద్దెనిమిదేళ్ల లోపు వారి సమ్మతికి చట్టం దృష్టిలో విలువ లేదు. పిల్లలను లైంగిక దోపిడీ నుంచి కాపాడడానికి ఆ చట్టం అత్యవసరం. కాని పదిహేడేళ్ల అమ్మాయి, పంతొమ్మిదేళ్ల అబ్బాయి ఇష్టపడి వెళ్లిపోయినప్పుడు కూడా తల్లిదండ్రులు ఇదే చట్టాన్ని ఆశ్రయించడంతో, అబ్బాయి జైలుకు, అమ్మాయి ఆశ్రమ గృహానికి చేరిన సందర్భాలు కోర్టుల ముందుకు తరచుగా వస్తున్నాయి. 2023లో లా కమిషన్ తన 283వ నివేదికలో సమ్మతి వయసును తగ్గించవద్దని చెబుతూనే, పదహారు, పద్దెనిమిదేళ్ల మధ్య వారి ఇష్టం కనిపించిన కేసుల్లో న్యాయమూర్తికి కొంత విచక్షణ ఉండాలని సూచించింది. ఇదే సమయంలో, 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20-24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిదేళ్లలోపే పెళ్లయింది. చిన్న వయసులో పిల్ల ప్రేమిస్తే ఠాణాకు పరుగెత్తే సమాజం, అదే వయసులో పెద్దలు పెళ్లి చేస్తే భోజనానికి వెళ్లి వస్తోంది. వయసు మీద ఆందోళన నిజమైనదైతే ఈ రెండింటి పట్లా ఒకే రకంగా ఉండాలి.

కొత్త తరం తెచ్చిన విలువల్లో అన్నిటికంటే విలువైనది సమ్మతి అనే భావన. సమ్మతి అంటే ఒకసారి తల ఊపడం కాదు. ఒత్తిడి లేకుండా, విషయం తెలిసి, ఎప్పుడైనా వెనక్కు తీసుకోగలిగేలా ఇచ్చే ఒప్పుదల. ప్రేమకు ఒప్పుకున్నంత మాత్రాన ముద్దుకు, ముద్దుకు ఒప్పుకున్నంత మాత్రాన మరిదేనికో ఒప్పుకున్నట్టు కాదు, పెళ్లైనంత మాత్రాన ఆ అవసరం తీరిపోదు. ఈ భావన మన సినిమాలు దశాబ్దాలుగా నేర్పినదానికి పూర్తిగా విరుద్ధం. వెంటపడితే, విసిగిస్తే, చివరకు అమ్మాయి మనసు మెత్తబడుతుందని తెర మీద చూస్తూ పెరిగిన అబ్బాయికి ‘వద్దు’ అనే మాట అవమానంగా వినిపిస్తుంది. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినులపై జరిగిన యాసిడ్ దాడి ఆ అవమాన భావం ఎంత దూరం వెళ్లగలదో రాష్ట్రానికి చూపించింది. నేడు అదే కక్ష ఫోనులోకి చేరి, విడిపోయిన తర్వాత పాత ఫొటోలు బయటపెడతానన్న బెదిరింపుగా మారింది; ఆంతరంగిక ఫొటోలను అలా బయటపెట్టడం సమాచార సాంకేతిక చట్టం కింద శిక్షార్హమైన నేరం. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షను, పెళ్లి చేసుకునే ఉద్దేశం లేకుండానే ఆ మాట ఇచ్చి లైంగిక సంబంధం పెట్టుకోవడాన్ని పదేళ్ల వరకు శిక్ష పడే నేరం చేసింది. అయితే నిజాయితీగా ప్రేమించి తర్వాత విడిపోవడం వేరు, మొదటి నుంచే మోసగించడం వేరు; ఈ తేడాను యువకులూ, యువతులూ, వారి కుటుంబాలూ కోర్టు మెట్లెక్కక ముందే తెలుసుకోవాలి. మర్యాదగా విడిపోవడం కూడా నేర్చుకోవలసిన విలువే.

వీటన్నిటికీ అవసరమైన తెలివిడి ఎక్కడ దొరుకుతుంది? పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది, కాని దానిని ఇంటి దగ్గర చదువుకోమని దాటేసే తరగతి గదులు తక్కువ కాదు. 2005లో దేశవ్యాప్తంగా తలపెట్టిన కౌమార విద్యా కార్యక్రమాన్ని 2007లో పలు రాష్ట్రాలు సంస్కృతి పేరుతో ఆపేశాయి. ఆ ఖాళీని నీలిచిత్రాలు నింపాయి. అవి చూపేది నటన అని, అందులో సమ్మతికి, ఆప్యాయతకు, జాగ్రత్తకు చోటు లేదని చెప్పేవారు లేక ఎందరో అబ్బాయిలు దానినే పాఠంగా తీసుకుంటున్నారు. లైంగిక విద్య అంటే సంభోగం నేర్పడమన్న భయం నిరాధారమైనది. యునెస్కో 2018లో సవరించిన మార్గదర్శకాలు శరీరం, భావోద్వేగాలు, హక్కులు, గౌరవం, హింస నుంచి రక్షణ అన్నీ కలిసిన విద్యగా దానిని నిర్వచించాయి, అటువంటి విద్య వల్ల పిల్లలు తొందరపడి లైంగిక జీవితం ప్రారంభించరని కూడా స్పష్టం చేశాయి. తెలివిడి లేకపోవడం వల్ల జరిగే నష్టం చివరకు స్త్రీ శరీరం మీద పడుతుంది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు పెళ్లికాని స్త్రీకి కూడా పెళ్లైన స్త్రీతో సమానంగా, చట్టం నిర్దేశించిన పరిస్థితుల్లో 24 వారాల వరకు గర్భస్రావం చేయించుకునే హక్కు ఉందని తీర్పు చెప్పింది; అయినా భర్త పేరు అడుగుతారన్న భయంతో షిఫ్టు పని చేసే యువతి సర్కారు దవాఖానాకు వెళ్లక, మందుల దుకాణంలో దొరికిన మాత్ర మింగి ప్రాణం మీదికి తెచ్చుకుంటే, ఆ తీర్పు ఆమె దాకా చేరనట్టే.

చట్టం దారి తీసినా ఊరు తలుపు తెరవని మరో విషయం స్వలింగ ప్రేమ. 2018 సెప్టెంబరు 6న నవతేజ్ జోహర్ కేసులో సుప్రీంకోర్టు ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధాలను నేరాల జాబితా నుంచి తొలగించింది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను అనుమానితులుగా చూసిన నిజాం కాలపు చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి మాత్రం ఒప్పుకోలేదు. పెద్ద విద్యాసంస్థల ప్రాంగణాల్లో ఇటువంటి విద్యార్థులు కూడబలుక్కునే వీలు కొంతైనా ఉంది. కర్మాగారంలో పనిచేస్తూ నలుగురితో గది పంచుకునే యువకుడికి ఆ మాట చెప్పుకోవడానికి ఒక్క మనిషి కూడా ఉండకపోవచ్చు, ఊరిలో సంబంధం సిద్ధంగా ఉంటుంది. అతని మౌనం వల్ల అతనితో పాటు అతన్ని కట్టుకున్న అమ్మాయి జీవితం కూడా నలుగుతుంది.

చేయవలసినవి అసాధ్యమైనవి కావు. పాఠశాలలు దాటేసిన పాఠాన్ని చెప్పాలి. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి కర్మాగారంలో 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపులపై అంతర్గత కమిటీ కాగితం మీద కాక నిజంగా పనిచేయాలి, దాని సభ్యుల పేర్లు ఒడియాలో, హిందీలో కూడా గోడ మీద కనిపించాలి. ఆరోగ్య కేంద్రాలు పెళ్లి గురించి అడగకుండా సలహా ఇవ్వాలి. తల్లిదండ్రులు ఒక్క మాట తమకు తాము చెప్పుకోవాలి: కూతురి జీవితం కూతురిది, కొడుకు తప్పు కొడుకుది, తమ పరువు వీరిద్దరి శరీరాల్లో లేదు. యువతీయువకులు కూడా ఒక మాట గుర్తుంచుకోవాలి. పెద్దల చేతి నుంచి తీసుకున్న నిర్ణయాధికారం విలాసం కాదు. అవతలి మనిషి ఇష్టాన్ని తన ఇష్టమంత బరువుగా మోయడం, కట్నం వద్దనడం, కులం అడగకపోవడం, కాదన్న మాటను గౌరవించడం ఆ అధికారంతో వచ్చిన బాధ్యతలు. శీలాన్ని ఆడపిల్ల దేహంలో వెతికే రోజులు పోవాలి. మాట నిలబెట్టుకోవడం, నిజం చెప్పడం, ఎవరినీ బలవంతం చేయకపోవడం ఆడ, మగ ఇద్దరికీ సమానంగా వర్తించే శీలంగా స్థిరపడాలి.